మడమలో పెరిగిన ఎముకదేనా తప్పు?

“మడమలో ఎముక పెరిగిందన్నారు. కోయించుకోవాలా?” వినుకొండ, దర్శి, నరసరావుపేట వైపు ఎముకల డాక్టరు గది ముందు కాసేపు కూర్చుంటే ఈ ప్రశ్న చెవిన పడుతుంది. అడిగేవాళ్ళు చాలామంది నలభై దాటినవాళ్ళు. దసరా వెళ్ళాక పత్తి తీతలు, సంక్రాంతి వెళ్ళాక మిరప కోతలు, ఆపైన కళ్ళంలో తాలుకాయ ఏరడం, తొడిమలు తీయడం. ఎండిన నల్లరేగడి పెళ్ళల మీద అరిగిపోయిన హవాయి చెప్పులతోనో, ఉత్త కాళ్ళతోనో నెలల తరబడి నడక. పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టు ఉంటుందంటారు. నాలుగడుగులు వేస్తే సర్దుకుని సాయంత్రానికి మళ్ళీ మొదలవుతుందంటారు. చేతిలో ఎక్స్‌రే ఫిల్ము ఉంటుంది. దాంట్లో మడమ ఎముక అడుగున, వేళ్ళ వైపు చూస్తూ చిన్న మొన ఉంటుంది.

“ఎముక పెరిగింది” అన్నది ఫిల్ములో కనబడిన సంగతి. అది జబ్బు పేరు కాదు. పాదం నొప్పికి సరైన పేరు దొరికేది ముందుగా మూడు ప్రశ్నల నుంచి: ఎక్కడ, ఎప్పుడు, ఎలా? ఈ మెట్ట ప్రాంతంలో నాలుగోది కూడా అడగాలి: చిన్నప్పటి నుంచి ఏ నీళ్ళు తాగారు? ఈ నాలుగూ అడగకుండా రాసిన మందు పనిచేస్తే అదృష్టమే కానీ వైద్యం కాదు. ఎందుకో చూద్దాం.

దూదేకే విల్లు

అరికాలిలో మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా గట్టి పీచుతో అల్లిన పట్టీ ఒకటి ఉంది. డాక్టర్లు దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. మనం అరికాలి పట్టీ అందాం. పాదం ఎముకలు బల్లపరుపుగా పరిచి ఉండవు, నడుమ పైకి వంగి ఉంటాయి. దూదేకే విల్లును చూసినవాళ్ళకు ఈ అమరిక చప్పున తెలుస్తుంది. వంగిన కర్ర స్థానంలో ఎముకలు, రెండు కొసల మధ్య బిగించిన నారి స్థానంలో ఈ పట్టీ. నారి కిందికి వచ్చేట్టు విల్లును నేలమీద పెట్టి కర్ర నడుము మీద అరచేత్తో అదిమితే కొసలు రెండూ చెరో వైపుకు జరగబోతాయి. జరగనివ్వనిది నారి. మనం నిలబడినప్పుడల్లా ఒంటి బరువు అలాగే అదుముతుంది, పట్టీ అలాగే బిగుస్తుంది. అడుగు తీసేటప్పుడు మడమ లేచి బొటనవేలు వెనక్కి వంగుతుంది కదా, అప్పుడు పట్టీ వేలి మొదలు చుట్టూ తిరిగి ఇంకాస్త బిగుస్తుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన జె.హెచ్. హిక్స్ 1954లో ఈ పనితీరును వివరంగా రాశాడు. బొటనవేలిని చేత్తో వెనక్కి లాగి, రెండో చేతి బొటనవేలితో అరికాలిని తడిమితే ఎవరికైనా ఈ పట్టీ తాడులా తగులుతుంది.

నారిలో ముందుగా పీచు లేచేది కర్రకు కట్టిన చోట. పట్టీ కూడా మడమ ఎముకకు అంటుకున్న చోటే, కాస్త లోపలి వైపు, మొదట దెబ్బ తింటుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ వదులై, రాత్రంతా ఆ పొట్టి కొలతలోనే ఉండిపోతుంది. పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగదీస్తాం, అందుకే ఆ పోటు. కళ్ళంలో గంటసేపు కూర్చుని తొడిమలు తీసి లేచినప్పుడూ అదే జరుగుతుంది. తొలి ఏకాదశికి వినుకొండ కొండెక్కి దిగిన మర్నాడు మడమ పట్టుకుపోవడానికీ కారణం ఇదే, అలవాటు లేని బరువు ఒక్కరోజులో పడింది.

ఈ జబ్బును ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. దీని గురించి ఒక విషయం ఇరవై ఏళ్ళ కిందటే తేలినా మన మందుల చీటీల దాకా ఇంకా సరిగా రాలేదు. 2003లో అమెరికాలో హార్వీ లెమాంట్ బృందం 50 కేసుల్లో ఆపరేషన్ చేసి తీసిన పట్టీ ముక్కల పరీక్షలను పరిశీలించింది. నొప్పి బిళ్ళలు తగ్గించే రకం వాపు వాటిలో కనబడలేదు. కనబడింది చిరిగి, అతుక్కుని, మళ్ళీ చిరిగి నాణ్యత చెడిన పీచు. కాబట్టి ముదిరిన మడమ నొప్పికి ఏళ్ళ తరబడి వాపు మందులు మింగడంలో అర్థం తక్కువ. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు దానివల్ల కిడ్నీలకు ముప్పు కూడా.

ఫిల్ములో మొన

“కళ్ళకు ముల్లులా కనబడుతుంటే అది గుచ్చుకోవడం లేదంటారేమిటి?” అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆ మొన నిజంగా నొప్పికి కారణమైతే, అది ఉన్నవాళ్ళందరికీ నొప్పి ఉండాలి, లేనివాళ్ళకు ఉండకూడదు. రెండూ నిజం కాదు. మడమ నొప్పి ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికే ఈ మొన కనబడుతుంది. ఏ నొప్పీ లేనివాళ్ళకు వేరే పని మీద ఎక్స్‌రే తీసినా పది మందిలో ఒకరికో ఇద్దరికో కనబడుతుంది, వయసు పైబడేకొద్దీ ఇంకా ఎక్కువమందికి. ఒకే మనిషికి రెండు మడమల్లోనూ మొన ఉండి ఒక్క మడమే నొప్పి పుట్టడం కూడా మామూలే. పైగా ఆ మొన చాలాసార్లు పట్టీలో ఉండదు, పట్టీ పైనున్న చిన్న కండరం మొదట్లో ఉంటుంది. నేలను గుచ్చే దిశలో అది అసలే ఉండదు, వేళ్ళ వైపు చూస్తుంది. నొప్పి తగ్గిపోయిన ఏడాది తర్వాత మళ్ళీ ఫిల్ము తీస్తే మొన అక్కడే ఉంటుంది. నొప్పికి కారణమైతే నొప్పితో పాటే పోవాలి కదా!

అంటే ఎక్స్‌రే వృథా అని కాదు. ఎముకలో సన్నని పగులు, గడ్డ, చీము, కీళ్ళ అరుగుదల లాంటివి ఉన్నాయేమో చూడడానికి అది కావాలి. మడమను రెండు పక్కల నుంచీ అరచేతులతో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వస్తుంటే పగులును అనుమానించాలి. అది మొదట్లో ఫిల్ముకు అందకపోవచ్చు, రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ తీయాల్సి రావచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, ఫిల్ములో ఏదో ఒకటి దొరకగానే వెతుకులాట ఆగిపోవడం. మొన దొరికింది కాబట్టి రోగం దొరికిందనుకుంటారు, డాక్టరూ రోగీ ఇద్దరూ. ఇక మొన కోసే ఆపరేషన్ సంగతి: ఇతర మార్గాలన్నీ నెలల పాటు సరిగా చేసి చూశాక కూడా తగ్గని కొద్దిమందికే పట్టీ మీద ఆపరేషన్ ప్రసక్తి వస్తుంది. ఫిల్ము చూసిన రోజే కోత మాట ఎత్తితే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు.

మంటా, పోటా, తిమ్మిరా?

పోటు మడమ అడుగున ఒకే చోట, వేలితో చూపించగలిగినట్టు ఉండి, మొదటి అడుగుకు ఎక్కువై నడిస్తే తగ్గుతుంటే పట్టీ మాట సబబు. అదే నొప్పి రెండు పాదాల్లోనూ, వేళ్ళ కొసల నుంచి మొదలై మేజోడు తొడిగినంత మేర, రాత్రి పడుకున్నాక మంటగానో తిమ్మిరిగానో ఉంటే అది పట్టీ కాదు, నరాలు. ఈ రెండింటికీ ఒకే చీటీ రాయడం చాలా చోట్ల జరుగుతోంది.

అరికాళ్ళ మంటల చరిత్రలోనే దీనికి పాఠం ఉంది. మన దేశంలో జనం పాదాల మంటల గురించి జె. గ్రియర్సన్ అనే వైద్యుడు 1826లోనే రాశాడు. 1946లో కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ ఈ మంటలతో వచ్చిన పేద రోగులను పరిశీలించి, బి విటమిన్లలో ఒకటైన పాంటోథెనిక్ ఆమ్లం ఇస్తే ఉపశమనం కలుగుతోందని చూపించాడు. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకు తరలి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆనాడు కారణం తిండి లేమి. ఇవాళ అదే మంటతో వచ్చినవాళ్ళలో ముందుగా చూడాల్సింది షుగరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది. ఆ తర్వాత చూడాల్సింది బి12 లోపం. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో ఈ లోపం రావచ్చు, అంటే జబ్బూ మందూ రెండూ నరాల మీద పడే అవకాశం ఉంది. ఫిర్యాదు ఒకటే, కారణం కాలాన్ని బట్టి మారిపోయింది. “మంటలకు బి-కాంప్లెక్స్” అనే పాత అలవాటు మాత్రం మారలేదు.

నరాలు దెబ్బతిన్నాయో లేదో తెలుసుకునే పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించి తెలుస్తోందా అని అడుగుతారు, శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. అయిదు నిమిషాల పని. ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే మన ఇళ్ళల్లోని జిల్లేడాకు వైద్యం సంగతి ఎత్తాలి. ఇటుకను పొయ్యిలో కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి, మడమ ఆనించి కాపడం పెట్టడం మన పల్లెల్లో అందరూ ఎరిగిన చిట్కా. స్పర్శ బాగున్న మనిషికి ఆ వేడి కాసేపు హాయినిస్తుంది, ఓర్చుకోలేనప్పుడు కాలు తీసేస్తాడు. షుగరుతో స్పర్శ పోయిన మనిషికి తీయాలని తెలియదు. చర్మం కమిలి, బొబ్బ లేచి, పుండై, వేలో పాదమో తీసేయాల్సిన దాకా పోవచ్చు. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళ తొట్టికీ ఇదే వర్తిస్తుంది. నొప్పి పోవడం కూడా ఒక్కోసారి చెడ్డ కబురే! నొప్పి తెలియని పాదం ఎలా నాశనమవుతుందో వేలూరులో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ జీవితమంతా చెబుతూ వచ్చాడు. ఇవాళ చెప్పుల దుకాణాల్లో మడమ నొప్పికని అడిగి కొనే ఎంసీఆర్ చెప్పులు మొదట స్పర్శ పోయిన ఆ పాదాల కోసమే వాడకంలోకి వచ్చాయి.

ఇక తక్కినవి. రాత్రికి రాత్రి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేకపోతే గౌటు. ఇందులో యూరిక్ యాసిడ్ అంకె ఒక్కటే చూసి తేల్చకూడదు, అంకె ఎక్కువున్నా గౌటు లేనివాళ్ళున్నారు, గౌటు వచ్చిన రోజున అంకె మామూలుగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. పాతికేళ్ళ కుర్రాడికి రెండు మడమలూ నొప్పి పుట్టి, తెల్లారి నడుము అరగంటకు పైగా పట్టేసి, పని చేస్తుంటే వదులవుతుంటే అది వెన్నుకు సంబంధించిన కీళ్ళవాతం కావచ్చు. చుట్ట, బీడీ తాగే మగవాడికి కొంతదూరం నడిస్తే పిక్కో పాదమో పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే రక్తనాళం మూసుకుపోతోందని అర్థం. డాక్టరు పాదం పైన, చీలమండ లోపలి పక్కన నాడి చూస్తే చాలావరకు తెలుస్తుంది, పొగ మానకుండా దీనికి మందు లేదు. చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్ళకు చీలమండల నొప్పులు నెలల తరబడి ఉండిపోతాయి. 2006లో దేశంలో 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదైన ఆ వ్యాప్తి మొదలైంది మన రాష్ట్రం, కర్ణాటకల నుంచే.

ఏ నీళ్ళు తాగారు?

ఇప్పుడు నాలుగో ప్రశ్న. అప్పటి నెల్లూరు జిల్లాలో భాగమైన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో ఎడ్లు కాళ్ళు బిగుసుకుపోయి అరకకు పనికిరాకుండా పోవడం రైతులే ముందుగా గమనించారని చెబుతారు. మనుషుల్లో ఇదే జబ్బును హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌గా ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికల్లో ఇదొకటి. అడుగునున్న గ్రానైటు, నైసు రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరుగుతుంది. బోరు లోతు పెరిగి, నీరు రాయితో ఎక్కువకాలం అంటిపెట్టుకుని ఉంటే మోతాదూ పెరగవచ్చు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి.

పాదానికీ దీనికీ సంబంధం ఏమిటి? ఫ్లోరైడ్ ఎముకలో చేరడమే కాకుండా, పట్టీలూ స్నాయువులూ ఎముకకు అంటుకునే చోట్ల సున్నం పేరుకునేట్టు చేస్తుంది. మడమ మొన అలాంటి చోటే పెరుగుతుంది. దీనికి ఇంకో దిక్కు నుంచి కూడా సాక్ష్యం ఉంది. ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీలకు ఫ్లోరైడే మందుగా ఇస్తే ఎముక గట్టిపడుతుందని ఒకప్పుడు ఆశపడ్డారు. అమెరికాలో బి.ఎల్. రిగ్స్ బృందం 202 మంది స్త్రీలలో కొందరికి నాలుగేళ్ళ పాటు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి 1990లో ఫలితాలు ప్రచురించింది. వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది, కానీ వెన్నుపూసల విరుగుళ్ళు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, తక్కిన ఎముకలు విరగడం ఎక్కువైంది. ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్ళను వేధించిన ఇబ్బందుల్లో ముఖ్యమైనవాటిలో కాళ్ళ నొప్పి ఒకటి. చూపుకు దిట్టంగా కనబడే ఎముక లోపల సన్నగా పగులుతోందన్నమాట. అది మందు మోతాదు, నీళ్ళలో వచ్చేది అంత ఒక్కసారిగా రాదు. కానీ నీళ్ళు నాలుగేళ్ళు కాదు, నలభై ఏళ్ళు తాగుతాం.

“మా పళ్ళు తెల్లగానే ఉన్నాయి, మాకెందుకు ఫ్లోరైడ్?” అనేవాళ్ళుంటారు. పళ్ళ మీద పసుపు, గోధుమ మచ్చలు పడేది పళ్ళు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు ఆ నీళ్ళు తాగితేనే. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగి, పెళ్ళయి బొల్లాపల్లి వైపు కోడలిగా వచ్చిన మనిషికి పళ్ళు ముత్యాల్లా ఉంటాయి, ఎముకల్లో మాత్రం పాతికేళ్ళ బోరు నీళ్ళు ఉండవచ్చు. కాబట్టి పళ్ళు చూసి ఆగకూడదు. గడ్డం ఛాతీకి ఆనించగలరా, చేతులు తల వెనక్కి పెట్టగలరా, మోకాళ్ళు వంచకుండా నేలమీది నాణెం తీయగలరా అని చేయించి చూస్తారు. ఇవి కష్టమైతే ముంజేతి ఎక్స్‌రే తీసి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం చేరిందేమో చూడాలి, మూత్రంలోనూ తాగే నీటిలోనూ ఫ్లోరైడ్ కొలవాలి. మడమతో పాటు మెడ, నడుము, మోకాళ్ళు కూడా బిగుసుకుంటున్న ఈ ప్రాంతపు మనిషికి ఒక్క మడమ ఫిల్ముతో సరిపెట్టడం అన్యాయం.

“ఫ్లోరోసిస్‌కు మందే లేదు కదా, తెలుసుకుని ఏం లాభం?” ఈ మాటలో సగమే నిజం. పేరుకున్న సున్నం వెనక్కి పోదు. నీళ్ళు మారిస్తే ముదరడం ఆగుతుంది, తొలిదశలో నొప్పి తగ్గనూ వచ్చు. అంతకంటే ముఖ్యం, ఇంట్లో పిల్లలు బతికిపోతారు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు శుద్ధి చేసి అందే ఊళ్ళల్లో బోరు నీళ్ళను గేదెలకూ గిన్నెలకూ వదిలేసి కాలువ నీళ్ళు తాగడం అన్నిటికంటే తేలిక.

సూదిమందుతో తగ్గింది కదా!

మడమలో ఒక్క ఇంజెక్షన్‌తో ఎగిరి గంతేసినవాళ్ళున్నారు, అది అబద్ధం కాదు. ఆస్ట్రేలియాలో చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో, స్కానింగు చూస్తూ పట్టీ దగ్గర స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళకు నాలుగు వారాలకు నొప్పి నిజంగానే తగ్గింది. ఎనిమిది, పన్నెండు వారాలకు మాత్రం ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్ళకూ వీళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేకుండా పోయింది. మాటిమాటికీ వేయించుకుంటే పట్టీ తెగిపోయే ప్రమాదమూ ఉంది. ఇంకో చిక్కు: స్టెరాయిడ్‌కు చాలా నొప్పులు తాత్కాలికంగా లొంగుతాయి. కాబట్టి తగ్గడాన్ని బట్టి జబ్బు ఫలానా అని రుజువైనట్టు కాదు. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చే పేరులేని పొడులకూ ఈ మాట చెల్లుతుంది.

పట్టీ నొప్పి అని తేలినవాళ్ళకు బాగా పరీక్షించిన వైద్యం ఖర్చు లేనిది. పొద్దున మంచం దిగకముందే కాలు మీద కాలు వేసుకుని, వేళ్ళను చేత్తో పట్టుకుని పిక్క వైపు వెనక్కి లాగాలి. అరికాలి పట్టీ తాడులా బిగిసిందని రెండో చేత్తో తడిమి చూసుకోవాలి. పది లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. అమెరికాలో డిజొవాని బృందం 2003లో ఇది పిక్క సాగదీసే మామూలు వ్యాయామం కంటే మెరుగని చూపించింది. వేళ్ళ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మెట్టు అంచున నిలబడి, మడమను మెల్లగా ఎత్తి దించే వ్యాయామానికి 2015లో డెన్మార్క్ పరిశోధకులు మంచి ఫలితాలు చూపించారు. అరిగిన చెప్పులు మార్చి, మడమ కింద మెత్తగా, కాస్త ఎత్తుగా ఉండేవి వేసుకోవాలి. ఇలా చేస్తే చాలామందికి ఏడాది లోపు తగ్గిపోతుంది.

“కూలికి పోకపోతే పొయ్యి వెలగదు, విశ్రాంతి ఎక్కడిది?” అన్న అభ్యంతరానికి వైద్య పుస్తకాల్లో జవాబు ఉండదు. విశ్రాంతి అంటే మంచం పట్టడం కానక్కర్లేదు. పట్టీకి పని మార్పు కావాలి. నొప్పి ఎక్కువున్న వారాల్లో బస్తాలు మోసే పని వదిలి కూర్చుని చేసే పనికి మారడం, కూర్చున్న చోట నుంచి లేచే ముందు వేళ్ళు వెనక్కి లాగి అప్పుడు అడుగు వేయడం, చేనులో ఉత్త కాళ్ళతో తిరగకపోవడం చాలామందికి వీలయ్యేవే. డాక్టరుకు తీరిక లేదన్న మాట కూడా నిజం. రద్దీ ఓపీలో ఒక్కొక్కరికీ దొరికేది రెండు నిమిషాలు. అందుకే ఆ రెండు నిమిషాలకు ముందే సిద్ధమై వెళ్ళాలి. నొప్పి ఉన్న చోట ఇంట్లోనే పెన్నుతో చుక్క పెట్టుకోండి. రోజులో ఎప్పుడు ఎక్కువో, మంటో పోటో, ఒక కాలో రెండో, వాడిన బిళ్ళల అట్టలు, షుగరు చీటీ ఒక కాగితంతో పాటు పట్టుకెళ్ళండి. చెప్పులు, మేజోళ్ళు తీసి రెండు పాదాలూ చూపించండి, నొప్పి లేనిది కూడా. అడగకపోయినా మీది ఏ ఊరో, పుట్టిల్లు ఎక్కడో, ఎన్నేళ్ళు ఏ బోరు నీళ్ళు తాగారో చెప్పండి. కాలి మీద మానని పుండు, నల్లబడిన వేలు, జ్వరంతో కూడిన వాపు ఉంటే మాత్రం కాగితం రాసుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.